ఇంటివైపు వంగిన వేపచెట్టు

ఉతికిన చీర అంచు బురదలో జీరాడుతుంటే మొదట నాకు విసుగే వచ్చింది. దండెం మళ్లీ వదులైందనుకున్నాను. మా ముందు గది కిటికీ ఊచకూ, ప్రహరీ అవతల వీధి వారన ఉన్న వేపచెట్టుకూ కట్టిన తీగ అది. కిందటి వారమే స్టూలెక్కి నేనే బిగించాను. పైన ప్లాస్టిక్ తొడుగు, లోపల ఇనుము. సాగే తీగ కాదు. కిటికీ దగ్గరి ముడి చూశాను, కదల్లేదు. గోడవతలికి పోయి చెట్టు దగ్గరి ముడి చూశాను. బెరడు మీద పాత ఒరుపు గుర్తులోనే కూర్చుని ఉంది. తడి చీర భుజాన వేసుకుని అట్లాగే నిలబడిపోయాను. తీగ పొడవు పెరగలేదు. చెట్టే ఇంటికి దగ్గరగా వచ్చింది.

చెట్టుకూ మాకూ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ, చిన్న వాకిలి, ఆ వెంటనే రేకుల కప్పున్న ముందు గది. ఆ గదిలో నా పిల్లలిద్దరూ పడుకుంటారు. రెండో తరగతి చదివే కూతురు, ఇంకా అంగన్‌వాడీకి పోయే కొడుకు.

చెట్టు చుట్టూ తిరిగి చూశాను. మా ఇంటికి అవతలి పక్కన, మొదలు చుట్టూ కట్టిన అరుగు టైల్స్ పైకి లేచి ఉన్నాయి. వాటి కింద నా చెయ్యి పట్టేంత సందు. అందులోంచి మగ్గిన వాసన వచ్చింది. రాత్రంతా వాన పడిందిలే, అందుకే అని చెప్పుకున్నాను. చెప్పుకున్నాను గానీ నమ్మలేదు.

నేను ఊరికే భయపడే మనిషినని మా ఇంట్లో అందరికీ తెలుసు. పిల్లవాడు రెండుసార్లు తుమ్మితే థర్మామీటరు వెతుకుతాను. బడి ఆటో పది నిమిషాలు ఆలస్యమైతే వీధి మొగలో నిలబడతాను. అందువల్ల నేను ‘ప్రమాదం’ అంటే ఎవరూ చేస్తున్న పని ఆపరు. ఆ పొద్దు కూడా అంతే. మా అత్తను పిలుచుకొచ్చి చూపించాను. ఆమె చెట్టును కింది నుంచి పైదాకా చూసింది. రెండు చేతులూ జోడించింది.

“అమ్మ మనింటి పక్కకు తిరిగిందే పాపా” అంది. ఆమె గొంతులో సంతోషం.

ఆ అరుగు సంగతి చెప్పాలి. హిందూపురంలో మా వీధికి అదొక్కటే పెద్ద చెట్టు. దాని మొదట్లో పసుపు పూసిన చిన్న రాయి ఒకటి ఎప్పటి నుంచో ఉంది. నా కొడుకుకు ఏడాది నిండకముందే ఒళ్లంతా అమ్మవారు పోసింది. ఆ రోజుల్లో నేను ఏడవడం తప్ప ఏమీ చేయలేదు. మా అత్త వేపమండలతో పిల్లవాడికి విసురుతూ, వాడు లేచి ఆడితే చెట్టుకు కట్ట కట్టిస్తానని మొక్కుకుంది. వాడు లేచాడు. ఆమె కట్టించింది. మొదలు చుట్టూ నడుమెత్తు మట్టి పోయించి, రాళ్లు పేర్చి, సిమెంటు వేయించి, తామరపూల టైల్స్ పరిపించింది. దుమ్ము నిలవకూడదని టైల్స్‌ను బెరడుకు ఆనించి, సందు లేకుండా సిమెంటు పూయించింది. రాయిని పైకి తెచ్చి అరుగు మీద నిలిపారు. ప్రతి మంగళవారం వీధి ఆడవాళ్లంతా బిందెలతో నీళ్లు పోసి ఆ టైల్స్ కడిగేవాళ్లు. మా ప్రాంతంలో చెట్టు మీద ప్రేమ ఉంటే మొదట చేసే పని అదే, దానికి సిమెంటు కట్ట కట్టడం.

సాయంత్రానికి మా అత్త మాట వీధంతా పాకింది. ఆడవాళ్లు కుంకుమ తీసుకుని వచ్చారు. చెట్టు అంత వీధినీ వదిలి మా ఇంటివైపే వాలడం మా పుణ్యమన్నారు. పిల్లలు లేని ఒకామె, ఇంటివైపు వంగిన కొమ్మకు మొక్కుబడిగా చిన్న గుడ్డ ఊయల కట్టి, నా చేతికి ఆకూవక్కా ఇచ్చింది. తీసుకుని కళ్లకద్దుకున్నాను. కానీ ఆ జానెడు గుడ్డ బరువు కూడా నాకు ఎక్కువే అనిపించింది.

మా ఆయన ధర్మవరంలో ఉంటాడు. పట్టుచీరల అంచులకు కంప్యూటర్ మీద డిజైన్లు గీసే పని. శనివారం రాత్రి రైలుకు వచ్చి సోమవారం తెల్లారి పోతాడు. ఫోన్లో చెట్టును చూపిస్తే, తాను పుట్టకముందు నుంచీ ఉన్నది ఇప్పుడెందుకు పడుతుందన్నాడు. ఆదివారం మాత్రం నా ముఖం చూసి, పెద్ద నైలాన్ మోకు కొనుక్కొచ్చాడు. చెట్టుకు ఒక కొస, ఎదురింటి ముందు పాతిన రాతి కూసానికి ఒక కొస కట్టాడు. ఆ ఎదురింటాయన పంక్చర్లు వేస్తాడు. చెట్టు నీడలోనే ఆయన కంప్రెసరు, నీళ్ల తొట్టి. మేమంతా ఆయనను భాయ్ అంటాం. ఆయన పని ఆపి చాలాసేపు చూశాడు.

“ఏమప్పా, చెట్టును కట్టేస్తాండావా? మేతకు పోతుందనా?” అన్నాడు.

మా ఆయన కూడా నవ్వాడు. మరుసటి ఆదివారం వచ్చి చూసేసరికి మోకు వీణ తీగలా బిగిసి, బెరడులోకి దిగబడి ఉంది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. భాయ్ తన కంప్రెసరును రోడ్డు అవతలికి జరుపుకున్నాడు.

పిల్లల పరుపు వంటగది పక్కకు మార్చేశాను. ముందు తలుపుకు గడియ పెట్టి, వాకిట్లోకి అడుగు పెట్టకూడదన్నాను. బడికి పోవాలన్నా, పాల ప్యాకెట్టు తేవాలన్నా పెరటి తలుపు గుండా, వెనకింటి వాళ్ల వాకిలి మీదుగా. కూతురు నా మాట వినింది. కొడుకు మాత్రం కిటికీ ఊచలు పట్టుకుని, వాకిట్లో మిగిలిపోయిన తన ప్లాస్టిక్ లారీని చూస్తూ నిలబడేవాడు. అది తెచ్చివ్వడానికి నేను పరుగున పోయి పరుగున వచ్చాను. మళ్లీ కిటికీ దగ్గరే నిలబడ్డాడు. వాడికి కావలసింది లారీ కాదు, వాకిలి.

గాలి వీస్తే చాలు, పొయ్యి మీద చెయ్యి ఆగిపోయేది. వేపాకు గలగల ఎంతో హాయిగా ఉంటుందని పుస్తకాల్లో చదువుకున్నాను. ఆ దినాల్లో మాత్రం నా చెవికి అది ఎవరో తలుపు తోస్తున్నట్టు ఉండేది.

చెట్టు కొట్టిద్దామంటే అది మాది కాదు, వీధిది. మున్సిపల్ ఆఫీసులో అడిగితే, అక్కడి ఆయన ఓపికగానే చెప్పాడు. పచ్చని చెట్టుకు చట్టం కాపలా ఉంది, అనుమతి లేకుండా కొమ్మ నరికినా కేసవుతుంది. ఆ చట్టం పేరు వాల్టా, ఆ అనుమతిని వాల్టా పర్మిషన్ అంటారట. ముందు అటవీ శాఖ వాళ్లు వచ్చి చెట్టును చూడాలి, అది నిలిచేది కాదని రాసివ్వాలి, వీధిలో అభ్యంతరాలుంటే వినాలి, ఒక చెట్టుకు బదులు రెండు మొక్కలు నాటాలి. అదీ కొట్టకముందే నాటి చూపించాలి. విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. నా పిల్లల మీదికి వాలుతున్న దానికి ఇంత కాపలానా అనుకున్నాను. బస్టాండు దాకా నడిచి వస్తుంటే దారిలో నీడ ఎక్కడెక్కడ ఉందో చూసుకుంటూ, నీడ నుంచి నీడకు నడుస్తున్నానని గమనించాను. కోపం కాస్త తగ్గింది.

మా పుట్టిల్లు పెనుకొండ. అక్కడి అటవీ ఆఫీసుకు మా నాయన తన స్కూటర్ మీద నన్ను తీసుకెళ్లాడు. నేను ఫోటోలు చూపిస్తూ మొదలుపెట్టి, మధ్యలో పిల్లల గది మాట వచ్చేసరికి ఫోన్ మా నాయన చేతిలో పెట్టేశాను. మిగతాది మా నాయన చెప్పాడు. వచ్చి చూస్తామన్నారు.

వచ్చినామె నా ఈడుదే. ఖాకీ చొక్కా, చేతిలో సన్నటి ఇనుప చువ్వ. చెట్టు చుట్టూ తిరిగి, కొమ్మలు చూసి, సుత్తితో మానును తట్టి చెవి పెట్టి విన్నది. తర్వాత లేచిన టైల్స్ సందులోంచి చువ్వను లోపలికి నెట్టింది. గట్టి చెట్టయితే చువ్వ దిగదని నాక్కూడా తెలుసు. అది మెత్తటి ముద్దలోకి దిగినట్టు, ఆమె పిడికిలి టైలుకు తగిలేదాకా దిగిపోయింది. వీధంతా అక్కడే ఉంది.

“ఈ కట్ట ఎవరు కట్టించారు?” అని అడిగిందామె.

ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. మా అత్త కొంగు సర్దుకుని ముందుకొచ్చింది. “నేనే మేడమ్.”

ఆఫీసరు కసురుతుందేమోనని నేను అడ్డం పోబోయాను. ఆమె కసరలేదు. చువ్వ తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పింది. మాను చుట్టూ అంత మట్టి పోస్తే బెరడు ఆరదు. పైన సిమెంటు మూస్తే వేర్లకు గాలి తగలదు. పోసిన నీళ్లు లోపలికి ఇంకి అక్కడే నిలుస్తాయి. మీ వీధి చెట్టని మీరు ప్రేమతోనే చేశారు, కానీ అది కింది నుంచి కుళ్లింది. ఇంకొక పెద్ద గాలివానకు నిలవదు.

మా అత్త తల ఊపింది. ఇంట్లోకి పోయి, ఆమెకు మజ్జిగ తెచ్చిచ్చింది.

చెట్టు కొట్టొచ్చని కాగితం వచ్చింది. మొక్కలు మా నాయన పెనుకొండ నర్సరీ నుంచి తెచ్చాడు. రెండు వేపమొక్కల్ని బస్సులో తన పక్కన కిటికీ సీట్లో కూర్చోబెట్టుకుని వచ్చాడట. కండక్టరు వీళ్లకు టికెట్ తీసుకున్నావా అని అడిగితే, ఐదేళ్ల లోపు పిల్లోల్లకు టికెట్టెందుకప్పా అన్నాడట. వీధి చివర నీళ్ల ట్యాంకు పక్కన మున్సిపాలిటీ వాళ్లు చూపించిన ఖాళీ జాగాలో నాటాం. నేను గుంత తవ్వుతుంటే నా కూతురు ఫోటో తీసింది. ఇక చెట్టు కొట్టేవాళ్లను పిలవడమే అనుకున్నాను.

వీధి ఒప్పుకోలేదు. ఎవరూ గట్టిగా తిట్టలేదు, కేకలు వేయలేదు. మంగళవారం నీళ్లు పోయడానికి వచ్చిన ఆడవాళ్లు కట్ట మీద కూర్చుని లేవలేదు, అంతే. ఆఫీసు వాళ్లు రాసిచ్చింది చెట్టుకు, మరి అమ్మవారి సంగతేమిటని ఒకామె అడిగింది. చెట్టు కొట్టే మేస్త్రీ కూడా ఫోన్లో అదే మాటన్నాడు. అమ్మ ఒప్పుకోకుండా తన మనుషులు గొడ్డలి పట్టరన్నాడు. నైరుతి పక్క మబ్బు కమ్ముకుంటోంది.

అప్పుడు మా అత్త నోరు విప్పింది. “పువ్వు అడుగుతాను” అంది.

కర్ణాటక హద్దు దగ్గర కాబట్టేమో, మా పక్క పువ్వు అడగడం మామూలే. పెళ్లి కుదుర్చుకోవాలన్నా, బోరు వేయాలన్నా అడిగేవాళ్లున్నారు. అమ్మవారి రాతికి అటొకటి ఇటొకటి తడి పూలు అంటిస్తారు. మనసులో ఉన్నది అడిగి కూర్చుంటారు. కుడి పక్క పువ్వు రాలితే సరేనన్నట్టు. ఎడమది రాలితే వద్దన్నట్టు. ఆ మాటకు తిరుగులేదు, మళ్లీ అడగడం ఉండదు.

నేను డిగ్రీలో బాటనీ చదువుకున్నాను. ఒక చేమంతి పువ్వు తడి ఆరితే రాలుతుందని, ఏది ముందు ఆరుతుందో ఎండకు తెలుసని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? ఎడమది రాలితే ఆ చెట్టు మీద ఇక ఎవరూ చెయ్యి వేయరు. అది తానుగా పడేదాకా నా పిల్లలు పెరటి తలుపు గుండా తిరగాలి. ఇల్లు ఖాళీ చేసి ఎక్కడికైనా పోదామని మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. ముందు పువ్వు చూడు అన్నాడు.

మా అత్త తలంటుకుని, తడి జుట్టు ముడేసుకుని వచ్చింది. నేను పళ్లెం పట్టుకుని ఆమె కుడి పక్కన నిలబడ్డాను. తక్కినవాళ్లంతా మా వెనక. ఆమె రాతిని కడిగి పసుపు పూసింది. ఎడమ పక్కకు ఒక చేమంతిని తీసుకుంది. దాన్ని పసుపు ముద్దలో అద్ది, బొటనవేలితో రాతికేసి అదిమి, అదిమిన చోటే చాలాసేపు ఉంచింది. కుడి పక్క పువ్వును నీళ్లలో ముంచి, ఊరికే అలా ఆనించి చెయ్యి తీసేసింది.

నేను చూశాను. నేను తప్ప ఇంకెవరూ చూడలేదు.

తర్వాత ఆమె అడిగింది. చెట్టు కొట్టాలా అని అడగలేదు. అందరికీ వినబడేలా ఇట్లా అడిగింది: “తల్లీ, ట్యాంకు కాడ నీకు రెండు చెట్లు పెట్టినాము. ఆడికి వస్తావా?”

కూర్చున్నాం. పువ్వు వెంటనే రాలలేదు. ఎండ పైకొచ్చింది. ఎవరి పిల్లో ఏడిస్తే సముదాయించారు. రోడ్డు అవతల భాయ్ ట్యూబు నీళ్లలో ముంచి పట్టుకుని, బుడగలు చూడకుండా మావైపే చూస్తున్నాడు. నేనింకా పళ్లెం పట్టుకునే ఉంటే మా అత్త తీసుకుని కింద పెట్టింది. కుడి పక్క పువ్వు మెల్లగా తల వాల్చి, రాతి మీదుగా జారి, ఆమె ఒళ్లో పడింది.

ఆడవాళ్లంతా ఒక్కసారి ఊపిరి వదిలారు. ఊయల కట్టినామె లేచి, తన గుడ్డను తానే విప్పి, ట్యాంకు దగ్గరి మొక్కకు కట్టాలంటే అదెప్పుడు ఎదుగుతుందో అని నవ్వింది.

వంటింట్లోకి వచ్చాక నేను పొయ్యి వెలిగించాను. చింతపండు పిసుకుతూ మా అత్తే అంది. “పళ్లెం పట్టుకోమంటే పళ్లెం చూడల్ల. నా చేతులు చూస్తావా?”

నేను నవ్వాపుకోలేకపోయాను. ఆమె నవ్వలేదు. పిప్పి పిండి పక్కన పెట్టి మళ్లీ అంది. “నేనేం అడుగుతాండానో అమ్మకు తెలీదా? పిల్లోడు బతికినాడని కట్టిన కట్ట, పిల్లోడి మీదికే వస్తాంటే యా తల్లి ఊరుకుంటుంది?”

ఆమె అమ్మవారిని మోసం చేసిందని నేననుకోను. ఆమె కూడా అనుకోదు.

రాతిని ఎర్రగుడ్డలో చుట్టి, నీళ్ల చెంబు పట్టిన ఒకామెను ముందు నడిపించుకుంటూ ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లారు. మరునాడే మనుషులొచ్చారు. కరెంటు తీయించి, పై కొమ్మల నుంచి మొదలుపెట్టారు. కొట్టిన ప్రతి కొమ్మనూ మోకుతో కట్టి మెల్లగా దించారు. ఆ మోకు మా ఆయన తెచ్చిందే. కొస పట్టుకుని లాగినవాళ్లలో భాయ్ ఒకడు. తన నీడ తానే దించుకుంటున్నానని అంటూనే పట్టు వదల్లేదు. మధ్యాహ్నానికి మాను ఒక్కటి మిగిలింది. కట్ట పగలగొట్టి చూస్తే, లోపలి కొయ్య నానిన బెల్లంలా వేళ్లకు ఊడొచ్చింది. మా అత్త ఒక పిడికెడు తీసుకుని చూసి, కింద వదిలి, చేతులు కడుక్కుంది.

సాయంత్రం ట్యాంకు దగ్గర కొత్త మొక్కలకు నీళ్లు పోస్తుంటే, ఎవరో మళ్లీ కట్ట మాట ఎత్తారు. ఈసారి చిన్నదే, ఎర్ర టైల్స్‌తో అన్నారు. మా అత్త బిందె దించి నిలబడింది. “సిమెంటు బస్తా ఈడికొస్తే నేనూరుకోను. కూసోవాలంటే మీ ఇండ్లల్లో కుర్చీలుండాయి, తెచ్చుకోండి” అంది. తెచ్చుకున్నారు కూడా. ఇప్పుడు మంగళవారం సాయంత్రాలు ఆ రెండు మొక్కల చుట్టూ రంగురంగుల ప్లాస్టిక్ కుర్చీలు కనబడతాయి. మొక్కలకు మంచి మట్టి గుంత, చుట్టూ ముళ్లకంప.

పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఈ మధ్య వాళ్లు ముందు గదిలోనే పడుకుంటున్నారు. నేను ఇప్పటికీ తుమ్ముకు థర్మామీటరు వెతుకుతాను, ఆటో కోసం వీధి మొగలో నిలబడతాను. గాలి వీచినప్పుడు మాత్రం కూర కలుపుతూనే ఉంటాను.

చెట్టు కొట్టిన మరుసటి పొద్దు ముందు గది ఎంత వెలుతురుగా ఉందంటే, మూలల్లో ఇన్నాళ్లూ నాకు కనబడని బూజంతా కనబడింది. ఆదివారం, బడి లేదు; రాత్రి రైలుకు వచ్చిన మా ఆయన ఇంకా లేవలేదు. కూతురు లేచి ముఖం కడుక్కుని అలవాటుగా పెరటి తలుపు వైపు నడిచింది. కొడుకు కిటికీ దగ్గరికి పోయి, బయటంతా ఖాళీగా ఉండడం చూసి, అమ్మవారు యాడికి పోయిందని అడిగాడు. నేను ముందు తలుపు గడియ తీసి, రెండు రెక్కలూ బార్లా తెరిచాను. వాకిలంతా రంపంపొట్టు, వేపాకు. వాళ్లిద్దరూ గడప దాకా వచ్చి ఆగిపోయారు. అడుగు పెట్టమంటానా వద్దంటానా అని నా ముఖం చూస్తున్నారు.

“అమ్మ ట్యాంకు కాడికి ఇల్లు మారింది, సాయంత్రం పోయి చూసొద్దాం” అని చెప్పాను. “ఇప్పుడు మాత్రం వాకిట్లోకి పోయి ఆడుకోండి. నేను పిలిచేదాకా లోపలికి రావద్దండి.”